గోధుమ పిండిలో దొరికిన మాంసం

మాంసం లేనిదే ముద్ద దిగనివారు శాకాహార భోజనశాలలో అడుగుపెట్టి, మెనూ కార్డులో 'చికెన్', 'మటన్', 'చేప' అన్న పేర్లు చూచి నవ్వుకోవడం సహజమే. మాంసం మానినవారికి మాంసం పేరు మీద ఇంకా మోజెందుకన్నది వారి ప్రశ్న. అయితే చరిత్రను పరిశీలిస్తే, ఈ వంటకాలు చాలావరకు పుట్టింది పుట్టు శాకాహారుల కోసం కాదనీ, ఆ నవ్వుకునేవారి కోసమేననీ తెలుస్తుంది.

చైనాలో లియాంగ్ రాజవంశానికి చెందిన వూ చక్రవర్తి 502 నుండి 549 వరకు పాలించాడు. బౌద్ధాన్ని గాఢంగా విశ్వసించిన ఈ ప్రభువు భిక్షువులు మద్యమాంసాలు ముట్టరాదని శాసించాడు. అంతటితో ఆగక, 517లో రాజ్యపు బలికార్యాలలో పశువులకు మారుగా పిండితో చేసిన బొమ్మలను వాడవలసిందిగా ఆజ్ఞాపించాడు. తరతరాలుగా మాంసనైవేద్యానికి అలవాటుపడిన పితృదేవతల ముందు పిండిమేకను నిలబెట్టడం సామాన్యమైన సాహసం కాదు. ఆచారపు రూపాన్ని నిలిపి, హింసను మాత్రం తొలగించాలన్న ఆలోచన అందులో కనబడుతుంది.

ఆ తరువాత ఏడు శతాబ్దాలకు హాంగ్‌ఝౌ నగరం చైనాకు రాజధానిగా వర్ధిల్లింది. ఆనాటి నగరజీవితాన్ని వర్ణించిన వూ జిమూ, ఉపవాసవ్రతానికి భంగం రానివ్వని ప్రత్యేక శాకాహార భోజనశాలలను పేర్కొన్నాడు. ఆయన ఇచ్చిన జాబితాలో గొర్రె కాళ్లు, వేయించిన చేప, మూత్రపిండాల ముక్కలు వంటి పేర్లున్నాయి. ఒక వంటకం పేరుకు 'అసలును మించిన కోడి' అని అర్థం చెప్పుకోవచ్చు. వ్రతదినాలలో మాత్రమే మాంసం మానే గృహస్థులకు ఇటువంటి వంటకాలు ఎంత అవసరమో ఊహించడం కష్టం కాదు.

ఈ వంటలకు ముఖ్యమైన ముడిసరుకులలో ఒకటి గోధుమ జిగురు, అనగా గ్లూటెన్. దానిని తీసే విధానం మన వంటింట్లో ఎవరైనా చేసి చూడవచ్చు. గోధుమ పిండిని ముద్దగా కలిపి, కాసేపు నాననిచ్చి, నీళ్లలో పిసుకుతూ కడగాలి. తెల్లని గంజిపదార్థమంతా నీటితో పోయి, సాగే ముద్ద ఒకటి మిగులుతుంది. దానిని ఉడికించి కొరికితే పీచుగల మాంసాన్ని నమిలినట్లుంటుంది.

ఆసియా వంటవారికి అనుభవంతో తెలిసిన ఈ సంగతిని ఐరోపాలో పరీక్షించి చెప్పినవాడు ఒక వైద్యుడే. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన బెక్కారీ ఇదే విధంగా గోధుమ పిండిని కడిగి జిగురును వేరుచేశాడు. 1745లో అచ్చయిన ఆయన పరిశోధనలో, ఆ జిగురు మొక్కల పదార్థంలా కాక జంతుపదార్థంలా ప్రవర్తిస్తున్నదన్న విషయం ఉంది. 'ప్రోటీన్' అనే మాట అప్పటికింకా పుట్టలేదు. గోధుమలోనూ మాంసంలోనూ ఒకే జాతి పదార్థం ఉన్నదన్న సత్యానికి అది తొలి సూచనలలో ఒకటి.

రుచి రహస్యం కూడా ఆ జిగురులోనే దాగి ఉంది. 1866లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రిట్‌హౌసెన్ దాని నుండి గ్లుటామిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1908లో జపాన్‌కు చెందిన ఇకెడా, మాంసపు రసంలోనూ సముద్రపు నాచులోనూ నాలుకకు తగిలే ప్రత్యేకమైన రుచికి కారణం గ్లుటామేట్ అని గుర్తించాడు. మనం మాంసపు రుచి అనుకునేదానిలో కొంత భాగం నిజానికి మాంసానికి మాత్రమే సొంతం కాదన్నమాట.

అమెరికాలో ఈ విద్యను ఆస్పత్రికి తెచ్చినవాడు డాక్టర్ జాన్ హార్వే కెలాగ్. బాటిల్ క్రీక్‌లోని ఆయన ఆరోగ్యాలయానికి వచ్చే రోగులలో మాంసాహారానికి అలవాటుపడినవారు ఎందరో ఉండేవారు. వేరుసెనగ, గోధుమ జిగురు కలిపి ఆయన 'ప్రోటోస్' అనే పదార్థాన్ని తయారుచేశాడు. అటువంటి శాకాహార మిశ్రమానికి 1901లో పేటెంటు పొందాడు. ఆయన వైద్య సిద్ధాంతాలలో అనేకం నేడు నిలబడవు. అయినా రోగిని పత్యానికి ఒప్పించాలంటే నాలుకను విస్మరించరాదన్న ఆయన గ్రహింపు నేటికీ విలువైనదే.

మన తెలుగు ఇళ్లలో ఈ పరంపరకు ప్రతినిధి మీల్ మేకర్. సోయా గింజల నుండి నూనె తీయగా మిగిలిన పిండిని యంత్రంలో వేడికి, ఒత్తిడికి గురిచేసి సన్నని రంధ్రం గుండా బయటకు నెడితే అది పొంగి స్పాంజి వలె అవుతుంది. ఎండు మీల్ మేకర్ నూరు గ్రాములలో సుమారు 50 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పెళ్లి పందిళ్లలో కనిపించే పనసకాయ బిర్యానీ చూపుకు మాంసాన్ని తలపించినా, పనసలో ప్రోటీన్ చాలా స్వల్పం. పోలిక వేరు, పోషణ వేరు.

వైద్యునిగా చెప్పవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన పరిశోధనలో 36 మంది ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల ఆధారిత మాంసం తిన్నారు. రెండవదాన్ని తిన్న కాలంలో వారి చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. అయితే అది చిన్న పరిశోధన. నిధులిచ్చినది ఆ ఆహారాన్ని తయారుచేసే సంస్థే. ఇటువంటి తయారీలలో కొన్నింటిలో ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు గమనించాలి. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ జిగురు నిషిద్ధం. సోయా పడనివారు మీల్ మేకర్ జోలికి పోరాదు. మాంసం పూర్తిగా మానేవారు విటమిన్ బి12 సంగతి వైద్యునితో మాట్లాడాలి. విడిగా చేర్చితే తప్ప అది ఈ పదార్థాలలో ఉండదు.

కాబట్టి మాంసప్రియులైన పాఠకులు ఎప్పుడైనా అటువంటి భోజనశాలకు వెళితే, ఇది అచ్చం కోడిలా ఉన్నదా అని మాత్రమే పరీక్షించకండి. ఇది దేనితో చేశారు, నూనెలో ఎంత వేయించారు, ఉప్పు ఎంత వేశారు అని కూడా అడగండి. ఆ సమాధానాలు తృప్తికరంగా ఉండి, భోజనమూ రుచించినట్లయితే, వారానికి ఒకటి రెండు పూటలు మాంసానికి బదులుగా దానిని వడ్డించుకోవడానికి సందేహించనక్కరలేదు.