కౌసల్య వేవిళ్లు: స్త్రీల రామాయణ పాటల్లో గర్భం, భక్తి, సంబరం

వాల్మీకి రామాయణం బాలకాండలో శ్రీరాముడి జనన ఘట్టం ఆకాశాన్ని చూస్తూ సాగుతుంది. చైత్ర శుద్ధ నవమి, పునర్వసు నక్షత్రం, కర్కాటక లగ్నం, ఉచ్చలో అయిదు గ్రహాలు. అన్నీ లెక్కగా ఉన్నాయి. పాయసంలో సగం కౌసల్యకు దక్కిందనీ, పన్నెండో నెలలో ఆమె ప్రసవించిందనీ తెలుస్తుంది. ఆ నెలలు ఎలా మోసిందో మాత్రం తెలియదు. గర్భం ధరించిన రాణులు అగ్నిలా, సూర్యుడిలా వెలిగారని ఒక్క మాట చెప్పి కవి ముందుకు వెళ్లిపోతాడు. పాటలు కట్టిన తెలుగు ఆడవాళ్లు సరిగ్గా ఆ నెలల దగ్గరే ఆగారు. అలా ఆగడంలోనే వాళ్ల భక్తి ఉందని నా వాదన.

1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ ఈ సంపదను అచ్చులోకి తెచ్చిన సంకలనాల్లో ముఖ్యమైనది. 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన ‘మెనీ రామాయణాస్’ గ్రంథంలో వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద రాసిన వ్యాసంతో వీటికి పండితలోకంలో గట్టి చోటు దొరికింది. కౌసల్య వేవిళ్లు, పురుడు, రాముడికి నీళ్లు పోయడం, లాలి వంటి ఘట్టాలు ప్రధానంగా బ్రాహ్మణ స్త్రీల పాటల్లోవి. ఇతర కులాల స్త్రీల రామాయణ పాటల ధోరణి వేరని ఆయనే చూపించారు. అందుచేత ఇక్కడ చెప్పేదాన్ని తెలుగు స్త్రీలందరికీ అంటగట్టకూడదు.

పురిటి పాటనే దగ్గరగా చూద్దాం. కౌసల్యకు నొప్పులు మొదలవుతాయి. మంత్రసానికి కబురు వెళ్తుంది. ఆమె రాచఠీవితో నడిచి వస్తుంది. రాణిగారి వీపు నిమిరి, భయం లేదు, కాసేపట్లో కొడుకును కంటావని ధైర్యం చెబుతుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కౌసల్య ఒంటి మీది బరువైన నగలన్నీ తీసేస్తారు. దూలాలకు తాళ్లు కట్టి ఆమె చేతికిస్తారు. ఆమె వాటిని పట్టుకుని, ఇక భరించలేనని అమ్మను తలుచుకుని ఏడుస్తుంది. పుట్టబోయేది సాక్షాత్తూ విష్ణువు. అయినా తల్లికి ఒక్క నొప్పి తగ్గలేదు.

ఇందులో పిల్లను కన్నవాళ్లు తప్ప ఇంకెవరూ పెట్టలేని వివరాలున్నాయి. నగలు తీసేయడం అలాంటిదే. కావ్యాల్లో రాణి అంటే నగలే. పురిటి గదిలో అవి అడ్డం. వాటితోపాటు రాణీత్వం కూడా ఒంటి మీద నుంచి దిగిపోతుంది, ఠీవి మంత్రసానికి వెళ్తుంది. ఆ గదిలో పెద్దదిక్కు ఎవరో పాడేవాళ్లకు బాగా తెలుసు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కాన్పు వేళ గర్భిణి కోరుకున్న తోడు పక్కన ఉండాలనీ, నిటారు భంగిమలతో సహా ఆమెకు వీలైన భంగిమను ప్రోత్సహించాలనీ చెప్పాయి. తోడూ, తాళ్లూ రెండూ ఈ పాటలో ముందే ఉన్నాయి.

గర్భచిహ్నాలను మన కవులు వదిలేశారని కాదు. పోతన దశమస్కంధంలో దేవకి చూలును ఎంతో ముచ్చటగా వర్ణించాడు. అయితే అక్కడ ప్రతి చిహ్నానికీ లోకంలో ఒక జోడీ ఉంటుంది. దేవకి ముఖం పాలిపోవడం శత్రువుల ముఖాలు పాలిపోవడంతో జతపడుతుంది. పద్యం అద్భుతం. కానీ ఆమె దేహం అక్కడ జరగబోయే దైవకార్యానికి సూచన. పాటలో కౌసల్య వేవిళ్లు వేవిళ్లే. వాటికి ఇంకో అర్థం అక్కర్లేదు. దేవుడు మనిషిగా పుట్టాడని ఈ పాడేవాళ్లు నమ్మిన తీరు నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. మనిషిగా పుట్టడమంటే ముందు ఒక ఆడమనిషి కడుపులో తిప్పడమని వాళ్లు పూర్తిగా ఒప్పుకున్నారు.

శాస్త్రోక్తమైన సీమంతాన్ని దీని పక్కన పెడితే తేడా ఇంకా తెలుస్తుంది. ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం తొలిచూలుకు నాలుగో నెలలో భర్త ఏదుపంది ముల్లు, దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి పట్టుకుని భార్యకు పాపట తీస్తాడు. వీణ వాయించేవాళ్లు పాడతారు. ఆమె మాత్రం మొలకెత్తిన యవలు ముడుచుకుని, చుక్కలు పొడిచేదాకా మాట్లాడకూడదు. ఆ మౌనానికి ఒక గాంభీర్యం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మన ఇళ్లలో అదే వేడుక ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చి సూడిదలు అయినప్పుడు మాటలు, పాటలు, గాజుల చప్పుడు, పుట్టింటి చలిమిడి వచ్చి చేరాయి. కడుపుతో ఉన్న పిల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ దారిన వెళ్లొచ్చినవాళ్లే. భయాన్ని పైకి చెప్పుకోగల చోట సంతోషం కూడా గట్టిగానే ఉంటుంది. కౌసల్య ఏడుపును కలిసి పాడుకున్నవాళ్లకు ఆ రెండూ వేర్వేరు కాదు.

ఒక్క విషయం దాటవేయలేను. మంత్రసాని ఇచ్చిన ధైర్యం కొడుకు మాటతో ముడిపడింది. ఆ కోరిక ఎందరు తల్లులను బాధపెట్టిందో చెప్పనక్కర్లేదు. పాటలు దాన్ని ఎదిరించలేదు. అయితే వాల్మీకిలో ప్రధానంగా ఋశ్యశృంగుడి భార్యగా కనిపించే శాంతను ఇవి దశరథుడి పెద్దకూతురిగా, రాముడికి అక్కగా నిలబెట్టాయి. తమ్ముడు మాట వినవలసిన ఆడపడుచుగా ఆమెకు ఇంట్లో పెద్దరికం ఇచ్చాయి. కొడుకు కోసం యజ్ఞం చేసిన ఇంట్లో అంతకు ముందే ఒక కూతురు పుట్టి ఉందని పాడేవాళ్లు మరవలేదు.