ఆరడుగుల మనిషి, అంగుళం కొలత

72 అనగానే మనకు మేళకర్త రాగాలు స్ఫురిస్తాయి. విమానాల నమూనాలను చేతితో కూర్చి రంగులద్దే ఔత్సాహికులకు మాత్రం ఆ సంఖ్య వేరొక శ్రుతి. అసలు విమానాన్ని సరిగ్గా 72వ వంతుకు కుదించి చేసే బొమ్మ వారి లోకంలో అందరికంటే ఎక్కువ చెలామణిలో ఉన్న బొమ్మ. యాభయ్యో వంతు, నూరో వంతు వంటి సుళువైన లెక్కలుండగా ఈ 72 ఎక్కడి నుండి వచ్చిందా అని నాకు చాలాకాలం కుతూహలం ఉండేది. సమాధానం మనిషి నిలువులో ఉంది. ఆరడుగుల మనిషి 72 అంగుళాలు. అతడిని ఒక్క అంగుళానికి దించితే, అతడెక్కిన విమానమూ అదే పాళ్ళలో దిగివస్తుంది. దాదాపు 30 అడుగుల స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం అయిదంగుళాలై అరచేతిలో ఇముడుతుంది.

ఇటువంటి వస్తువుకు మన భాషలో కుదురైన పేరు లేదు. నమూనా పారసీకం, మోడల్ ఆంగ్లం. ప్రతికృతి అనవచ్చును గాని బొమ్మకు అంత బరువైన పేరు పెట్టబుద్ధి కాదు. ప్రతికృతిని చెప్పదలిస్తే శబ్దానికి 'క' చేర్చాలని పాణిని ఏకంగా ఒక సూత్రమే చేశాడు, అశ్వ శబ్దానికి చేరిస్తే గుర్రం ప్రతికృతి అశ్వక అవుతుంది. ఆ లెక్కన మన అయిదంగుళాల వస్తువు విమానకం. ఎవరూ అనరు. అంటే బాగుంటుందని నా ఆశ.

ఈ కొలతను వాడుకలోకి తెచ్చినది 1932లో ఇంగ్లండులో వెలువడిన స్కైబర్డ్స్ అనే కొయ్య నమూనాల వరుస. 1936లో ఫ్రాగ్ సంస్థ అదే కొలతలో ప్లాస్టిక్ విడిభాగాలను పెట్టెలో పెట్టి అమ్మింది. 'నేల మీది నుండి నేరుగా ఎగిరేది' అని అర్థమిచ్చే ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు కలిపితే వచ్చినది ఫ్రాగ్ అన్న పేరు. మరి ఈ కొత్త బొమ్మలు ఎగరవు కదా? అందుకని వాటికి ఎగరలేని పక్షి పేరు, పెంగ్విన్ అని పెట్టారు! ఆ చమత్కారం నాకు నచ్చింది. వాటికి వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ వంకరపోయే గుణం కలది.

నా మనసు ఎక్కువగా నిలిచినది తరువాతి అధ్యాయం మీద. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. 1942 ఆరంభంలో అమెరికా నౌకాదళం దేశంలోని పాఠశాలలను ఒక సాయం కోరింది. 5,00,000 విమాన నమూనాలు కొయ్యతో చెక్కి ఇవ్వాలి. 50 రకాలు, ఒక్కొక్క రకం 10,000. స్వపక్షానివీ, మిత్రులవీ, శత్రువులవీ అందులో ఉన్నాయి. నక్షాలు పైనుండి వచ్చాయి. వడ్రంగం నేర్పే తరగతి గదులలో పిల్లలు చెక్కారు, గరుకు కాగితంతో నునుపు చేశారు. కొలత 1/72. పూత నలుపు. ఆకాశంలో విమానం మనకు నీడగానే కనిపిస్తుంది కనుక, నేర్చుకోవలసినది రంగు కాదు, ఆకారం. 35 అడుగుల దూరాన ఆ బొమ్మను పెడితే, 2,520 అడుగుల దూరాన, అంటే ఇంచుమించు అరమైలులో ఉన్న అసలు విమానమంత కనిపిస్తుంది. ఫిరంగి దగ్గర నిలిచినవాడు రెప్పపాటులో అది మనవాడిదో పగవాడిదో చెప్పగలగాలి.

పిల్లల మధ్య బ్రతికినవాణ్ణి కనుక ఈ వృత్తాంతం నన్ను వదలలేదు. ఒక కుర్రవాడు బల్ల ముందు కూర్చుని రెక్క అంచు అరగదీస్తున్నాడు. ఆ వంపు తప్పితే, దానిని చూసి నేర్చుకున్నవాడు ఎక్కడో సముద్రం మీద తన పక్షం విమానాన్నే కూల్చవచ్చును. బడిలో చేసిన చేతిపనికి ఇంత విలువ దక్కడం ఏ ఉపాధ్యాయుడికైనా గర్వకారణమే. కాని అంత భారం ఆ వయసు మీద మోపవచ్చునా? నేను ఆ గదిలో ఉండి ఉంటే పనిముట్లు పంచి ఇచ్చేవాడినేమో. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టేది కాదు.

యుద్ధం ముగిశాక కథ వ్యాపారంలో పడింది. హంగరీ నుండి వచ్చిన నికొలస్ కోవ్ లండనులో 1939లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్, 1952లో గోల్డెన్ హైండ్ ఓడ నమూనాను సంచిలో పెట్టి వుల్‌వర్త్ దుకాణాలలో రెండు షిల్లింగులకు అమ్మించింది. అప్పటికి పాలిస్టైరీన్ వచ్చింది. దీని అతుకు ఒక వింత. జిగురు రెండు ముక్కల మధ్య పొరగా నిలవదు, అంచులను కరిగించి ఏకం చేసి తాను ఆవిరైపోతుంది. సంధిలో పూర్వ పర వర్ణాలు రెండూ కరిగి ఒకటే మిగిలినట్లు!

జపానులో కథ వేరు. షిజుఒకా పట్టణంలో 1946లో కోతమిల్లుగా మొదలైన తమియా, కొయ్య బొమ్మల నుండి ప్లాస్టిక్‌కు మారి, 1960ల ఆరంభంలో పాంథర్ ట్యాంకు నమూనాను తెచ్చింది. అది మోటారుతో నడవాలి. మోటారూ బ్యాటరీలూ లోపల పట్టేటంత పరిమాణం చూసుకొని, తరువాత లెక్క కడితే అసలులో 35వ వంతు అయింది. ట్యాంకు బొమ్మలకు లోకమంతటా ఈనాటికీ 1/35 ప్రమాణంగా చెల్లుతున్నది ఆ బ్యాటరీల పుణ్యమే. ఒక కొలతకు మనిషి మూలం, మరొక దానికి బ్యాటరీ!

అతకడంతో పని తీరదు. అసలు విద్య రంగులో ఉంది, అక్కడా కొలతే ఏలిక. 72వ వంతు బొమ్మ మీద ఒక మిల్లీమీటరు గీత అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్ల చాలు. కుంచె వదిలిన చార దుక్కిదున్నినట్లు కనబడుతుంది. అందుకే పూత పలుచన కావాలి, ఒక పొర ఆరిన తరువాతే మరొకటి. అడుగు దూరం నుండి బొమ్మను చూస్తే అసలును 72 అడుగుల నుండి చూసినట్లు. దూరాన ఉన్నదేదైనా కొంత వెలిసినట్లు కనిపిస్తుంది కనుక నిపుణులు రంగులో చిటికెడు తెలుపు కలుపుతారు. ఆపైన ఇంజను గొట్టాల వెంట మసి, రెక్క మొదట పైలట్ కాలు పెట్టేచోట పెచ్చు లేచిన పూత, చక్రాలకు బురద. పనిచేసిన యంత్రం పెళ్ళికొడుకులా మెరవదు కదా. ఎంత మసి చాలునన్న విషయం మీద వారిలో వారికి జరిగే వాదాలు అరసున్న మీద మా పండితుల తగవులకు ఏమాత్రం తీసిపోవు. నా ఓటు కొంచెం తక్కువ మసికే.