పాత సామాన్ల ఫోర్డు - మన ప్రాంత మోటారు చరిత్రలో ఒక పుట



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపం గురించి, వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు తండ్రి పేరున ఆ పట్టణం కట్టించిన వైనం గురించి వ్రాయగల పండితులు మనలో ఉన్నారు. నేను ముప్ఫయి ఐదేళ్ళు రిజిస్టర్ల మధ్య గడిపిన గుమాస్తాను. మోటారు బండ్ల కాగితాలు చూసే ఒక ఆఫీసులో 1973లో చేరి 2008లో పదవీ విరమణ చేశాను. కనుక ఏ రిజిస్టరులోనూ ఎక్కని ఒక బండి కథ చెబుతాను. అది పెనుగంచిప్రోలులో మా మేనమామ పాత సామాన్లతో కట్టిన ఫోర్డు కారు.

ముందుగా కాస్త పూర్వరంగం. మన దేశంలో ఫోర్డు కంపెనీ 1926లోను, షెవ్రొలే చేసే జనరల్ మోటార్స్ 1928లోను అడుగుపెట్టాయి. అవి ఇక్కడ కారు తయారుచేసేవి కావు. విడిభాగాలు ఓడల్లో వస్తే మద్రాసు, బొంబాయి వంటి చోట్ల బిగించి అమ్మేవి. జమీందార్లు, ప్లీడర్లు, పొగాకు వ్యాపారులు కొన్న కార్లు అవే. మన రోడ్ల మీద తిరిగిన తొలినాటి బస్సుల్లోనూ చాలా భాగం ఆ ఛాసీల మీద కట్టినవే. రెండవ ప్రపంచయుద్ధం రాగానే 1941లో పెట్రోలుకు రేషను పెట్టారు. అప్పుడు బస్సు వెనుక పొయ్యి వంటి డ్రమ్ము బిగించి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. మన పెద్దలు "బొగ్గు బస్సు" అని చెప్పేది దాన్నే. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నెట్టవలసి వచ్చేదట.

యుద్ధం ముగిశాక మిలిటరీ వారు జీపులను, ట్రక్కులను, పెట్టెలకొద్దీ సామాన్లను డిస్పోజల్సు క్రింద అమ్మివేశారు. ఇంకోవైపు, 1953 తరువాత ప్రభుత్వం దేశంలో తయారీ చేపట్టని కంపెనీలు ఉండనక్కరలేదని తేల్చడంతో ఫోర్డు, జనరల్ మోటార్స్ బిగింపు పనులు మూసుకున్నాయి. బండ్లు మిగిలాయి, వాటి సామాన్లు రావడం ఆగింది. ఇక మెకానిక్కు చేయగలిగిందల్లా ఒక బండి గుండెను ఇంకో బండికి పెట్టడమే. మద్రాసులో సింప్సన్ వారి పెర్కిన్స్ డీజిలు ఇంజను వచ్చాక, పెట్రోలు ఇంజను తీసి దాన్ని పెట్టించుకోవడం ఊరూరా పరిపాటి అయింది.

మన జిల్లాలో ఇంకో కారణం కూడా తోడయింది. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సు రూట్లను జాతీయం చేసే పథకం మీద ఇక్కడి ప్రైవేటు బస్సుల వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు అంటే న్యాయశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలుసు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. విన్నవారే తీర్పు చెప్పాలి గాని ఒకరు విని మరొకరు తేల్చరాదు అని 1958 నవంబరులో కోర్టు ఆ ఉత్తర్వు కొట్టివేసింది. అయినా జాతీయీకరణ ఆగలేదు. రూట్లు పోయిన బస్సులు కొన్ని పాత ఇనుము కొట్లకు చేరాయని మావయ్య చెప్పేవాడు. అలాంటి ఒక కొట్లోనే, విజయవాడలో, 1963లో ఆయనకు ఫోర్డు మోడల్ ఎ ఛాసీ ఒకటి కనబడింది.

మోడల్ ఎ అంటే 1927 చివరి నుంచి 1932 దాకా ఫోర్డు దాదాపు 48 లక్షలు చేసిన బండి. నాలుగు సిలిండర్లు, 40 గుర్రాల శక్తి. ఆ ఛాసీకి ఇంజను లేదు, బాడీ లేదు. ముందు యాక్సిలు, స్టీరింగు, రేడియేటరు, పగిలిన బానెట్టు ఉన్నాయి. మావయ్య 275 రూపాయలకు బేరం చేసి, ఎడ్లబండి మీద వేయించి తెచ్చాడు. అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

మావయ్య వృత్తి ఆయిలింజన్ల రిపేరు. డిస్పోజల్సు జీపు ఇంజను, దాని గేరుబాక్సు, వెనుక యాక్సిలుతో సహా 850కి కొన్నాడు. ఆ ఇంజను 60 గుర్రాలది. ఇక్కడ చిక్కు వచ్చింది. ఫోర్డు వెనుక హౌసింగుకు షాఫ్టు గొట్టంలో మూసి ఉంటుంది, జీపుకు బయట ఉంటుంది, రెండూ కలవవు. పైగా జీపు షాఫ్టు మధ్యగా కాక కుడివైపు నుంచి పోతుంది. అందుచేత ఆయన జీపు వెనుక భాగమంతా ఉన్నదున్నట్టు వాడి, ముందు చక్రాలకు పోయే షాఫ్టు మాత్రం వదిలేశాడు. ఫోర్డు అడ్డకమాను తీసి, జీపు నిలువు కమాన్‌పట్టీలు రెండు పక్కలా బిగించాడు. దేవుడిచ్చిన అదృష్టం ఒకటుంది: ఫోర్డుకీ జీపుకీ చక్రపు బోల్టులు అయిదే, వాటి వలయం కొలతా అయిదున్నర అంగుళాలే. ముందు హబ్బుకు చిన్న ఇనుప రింగు వేస్తే జీపు చక్రం కూర్చుంది. ఆ రోజు మావయ్య మా అందరికీ జిలేబీలు పంచాడు.

బాడీకి టేకు చట్రం కట్టి, ఖాళీ తారు డ్రమ్ములు కోసి సాపు చేసి రేకు కొట్టాడు. మడ్‌గార్డులు పెట్టలేదు, డబ్బు లేక. టాపు లేదు, అదే కారణం. ఆయన లెక్కల పుస్తకం నా దగ్గర ఉంది. రెండేళ్ళలో మొత్తం ఖర్చు 2,140 రూపాయల 50 పైసలు. కొత్త అంబాసిడర్ పది వేలకు పైమాట, పైగా పేరు వ్రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి.

ఈ మధ్య మా మనుమడు అమెరికా నుంచి వచ్చి ఆ లెక్కల పుస్తకంలోని బొమ్మలు చూసి, "తాతయ్యా, దీన్ని అక్కడ హాట్ రాడ్ అంటారు" అన్నాడు. అతడి ద్వారా తెలిసిన సంగతి ఇది. 1930లలో కాలిఫోర్నియాలో కుర్రవాళ్ళు చవకగా దొరికే పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు పీకి బరువు తగ్గించి, ఇంజను మార్చి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సు మైదానాల్లో పందేలు వేసేవారు. 1937లో వారి క్లబ్బులన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయి. 1948లో వారి కోసం పత్రికే వచ్చింది. వాళ్ళు వేగం కోసం చేశారు, మావయ్య గతిలేక చేశాడు. తేడా అంతే. పనిముట్లు, బుద్ధి ఒకటే.

ఆ బండి 1965 నుంచి పదమూడేళ్ళు నడిచింది. మాఘ పౌర్ణమికి తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు వచ్చిన ముసలివాళ్ళను ఎక్కించుకుని మునేటి దాకా దింపేది. కాన్పు నొప్పులు పడే ఇద్దరు ముగ్గురిని అర్ధరాత్రి జగ్గయ్యపేట చేర్చింది. ఎవరి వద్దా పైసా తీసుకోలేదు, పెట్రోలు పోయిస్తే చాలు.

ఇక నేను చెప్పక తప్పని భాగం. 1939 మోటారు వాహనాల చట్టంలో 32వ సెక్షను ప్రకారం, బండిలో మార్పు చేస్తే యజమాని రిజిస్టరింగు అధికారికి తెలియజేయాలి. పాత ఛాసీకి కాగితం ఉంది, మారిన ఇంజనుకు ఎంట్రీ లేదు. 1976లో మావయ్య దరఖాస్తు పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. "అల్లుడూ, నీ చేతిలోనే ఉందిగా, కాస్త చూడరా" అన్నాడు. నాకు భయం వేసింది. మేనమామ కాగితం ముట్టుకుంటే పక్క సీటువారు ఏమంటారో అనుకున్నాను. "వచ్చే వారం రా మావయ్యా" అన్నాను. మూడు వారాలు అలాగే అన్నాను. నాలుగో వారం ఆయన రాలేదు. దరఖాస్తు నా సొరుగులోనే ఉండిపోయింది. 1978లో, కాగితం లేని బండి ఎక్కడ పట్టుకుంటారోనన్న బెంగతో, దాన్ని విప్పి తూకానికి అమ్మేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. 1991లో పోయేదాకా అనలేదు.

నేను తప్పుడు పని చేయనక్కరలేదు. ఈయన నాకు బంధువు అని నోటు వ్రాసి ఫైలు పైకి పెడితే చాలు. అధికారి బండి చూసేవారు. ముందు బ్రేకులు బలహీనమని సరిచేయమనేవారేమో, ఆ మాట నిజమే కూడా. చేసుకుని ఉండేవాడు. విన్నవారే తేల్చాలని సుప్రీంకోర్టు మన జిల్లా కేసులోనే చెప్పింది. నేను విననూ లేదు, వినేవారి దగ్గరికి పోనివ్వనూ లేదు.

ఇప్పుడైతే చట్టం ఇంకా బిగిసింది. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో యాభై ఏళ్ళు దాటిన బండ్లకు "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చే నియమాలు వచ్చాయి గాని, అవి అసలు రూపం చెడనివాటికే. మావయ్య ఫోర్డు ఉన్నా దానికి ఆ గౌరవం దక్కేది కాదు. రెండేళ్ళకోసారి తిరుపతమ్మ తల్లి విగ్రహాలను రంగులకు జగ్గయ్యపేట తీసుకువెళతారు. కొత్త రంగు వేసినంత మాత్రాన అమ్మవారు మారిపోయిందని మన ప్రాంతంలో ఎవరూ అనరు. బండి విషయంలో చట్టానికి దాని కారణాలు దానికి ఉన్నాయి. నేను కాదనను.

మన ప్రాంతంలో ఇటువంటి మేస్త్రులు ఎందరో ఉండేవారు. వారి పనితనం విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా బ్రతికే ఉంది గాని, వారి పేర్లు ఏ దస్త్రంలోనూ లేవు. సభ్య మిత్రులకు నా మనవి: మీ ఇళ్ళలో అటువంటి లెక్కల పుస్తకాలు, పాత ఆర్సీ కాగితాలు, ఫోటోలు ఉంటే పారవేయకండి. వచ్చే సంచికకు వ్రాసి పంపండి. యాభై ఏళ్ళు ఆలస్యమైనా, మా మావయ్య బండి ఎంట్రీ నేను ఈ పుటలో వేశాను. ఇక సెలవు.