పందికొక్కు – బాండికూట్: ఒక పదము, రెండు జాతీయములు

తెలుగులో చేరిన అన్యదేశ్యములను గూర్చి మన పరిశోధకులు విరివిగ వ్రాసియున్నారు. తెలుగునుండి అన్యభాషలకు పోయిన పదములపై అంతటి శ్రద్ధ చూపబడలేదు. చూపినచోట కూడ ఆ పదము ఎక్కడ పుట్టినది, ఏ యేట ఏ గ్రంథమున కెక్కినది అనుటతోనే చర్చ ముగియుచున్నది. పదముతోపాటు దాని నంటియున్న జాతీయము కూడ ప్రయాణము చేసినదా, లేక పుట్టిన నేలయందే నిలిచిపోయినదా అను ప్రశ్న మిగిలిపోవుచున్నది. ఈ ప్రశ్నను విచారించుటకు ఆంగ్లమున వాడుకలో నున్న 'బాండికూట్' అను మాట మిక్కిలి అనువైనది.

గోదావరీ తీరమునుండి ఇంగ్లీషువారి వ్రాతలలోనికి చేరిన మాటలు కొన్ని కలవు. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమున 17వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారికి వర్తకస్థానముండెను. అచ్చటి నేతబట్ట 'మడపోలము' అను పేర ఐరోపా అంగళ్ల కెక్కినది. తరువాత ఇంగ్లండు మరలలో నేసిన బట్టకు కూడ ఆ పేరే చెల్లినది. కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగు కూలీలకు జాతినామమైనది. అయితే ఈ రెండును ఊళ్ల పేర్లు. వానికి జాతీయములు లేవు. ఊరి పేరు కాక, సేద్యగాని నోట నిత్యము నలుగు మాట యొకటి సముద్రములు దాటినప్పుడు దాని కేమి జరిగినదో తెలిసికొనుటకు 'పందికొక్కు'ను మించిన ఉదాహరణము లేదు.

ముందుగ పదనిర్మాణమును చూతము. 'కొక్కు' అనగా పెద్ద ఎలుక. 'పంది వంటి కొక్కు' అని విగ్రహము చెప్పుకొన్నచో ఇది ఉపమాన పూర్వపద కర్మధారయము. 'ఏదుపంది', 'ముళ్లపంది' అను మాటలలో పంది ఉత్తరపదము, ప్రధానము. పందికొక్కులో పంది పూర్వపదము, ఉపమానము మాత్రమే. మూతితో నేలను కుళ్లగించుట, బిరుసైన వెండ్రుకలు, బెదిరినప్పుడు గురగురలాడుట – ఈ లక్షణములను చూచి మనవారు ఈ పేరు పెట్టినట్లు తోచుచున్నది.

సోదరభాషలను చూచినచో ఈ పేరు తెలుగు సొత్తేయని స్పష్టమగును. తమిళులు దీనిని 'పెరుచ్చాళి' అందురు. అందలి 'పెరు' పెద్దదను అర్థమిచ్చునది. కన్నడమున 'హెగ్గణ', హిందీలో 'ఘూస్'. వీనిలో దేనికిని పంది ప్రసక్తి లేదు. పంది నామమును మాత్రమే చూచినను తమిళమున 'పన్ఱి', కన్నడమున 'హంది', తుళువున 'పంజి'. ఓష్ఠ్యముతో మొదలై నడుమ నకార దకారములు గల రూపము తెలుగుది. కనుక 'బాండి'కి మూలము 'పంది' యనుటలో సందేహము లేదు. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువున యూల్, బర్నెల్ పండితులు కూడ ఈ వ్యుత్పత్తినే నిర్ధారించిరి.

పకారము బకారముగ మారుటకు కారణము ఆంగ్లుల చెవియందున్నది. వారి భాషలో పదాదిని పకారము కొంచెము ఊపిరితో, మన ఫకారమునకు చేరువగా పలుకబడును. ఊపిరి లేని మన పకారము వారికి బకారమువలె వినిపించుట సహజము. 'కొక్కు' తుదియందలి కకారము టకారమగుటకు, వారికి ముందే పరిచితమైన 'కూట్' అను నీటిపక్షి పేరు తోడ్పడియుండవచ్చును. తెలియని మాటను తెలిసిన మాటకు దగ్గరచేయుట జనవ్యుత్పత్తి స్వభావము. 1828 నాటి ఒక వేట పత్రికలో 'బ్రాందీకూట్' అను రూపము కనుపట్టుచున్నది. నీరు కలిపిన బ్రాందీని 'బ్రాందీపానీ' యని పిలుచుకొన్న దొరలకు పంది స్థానమున బ్రాందీ వినిపించుటలో వింత లేదు.

ఆంగ్ల గ్రంథములలో ఈ మాటకు హాబ్సన్-జాబ్సన్ చూపిన తొలి ప్రయోగము 1789 నాటిది. చోళమండల తీరమున జరిగిన యుద్ధములను వర్ణించుచు ఇన్నెస్ మన్రో అను సైనికోద్యోగి వెలువరించిన గ్రంథమున ఇది యున్నది. ఆయన పందికొక్కును, కస్తూరివాసన గల చుంచును ఒకటిగ భావించి, దాని బాధ ముఖ్యముగ దుర్వాసనయే యని వ్రాసినాడు. పంటను, గాదెను ఎరిగిన తెలుగువాడెవ్వడును అట్లనడు. పదము పరభాషలో అడుగిడిన నాడే దాని అర్థము సడలుట మొదలైనదన్నమాట. హాబ్సన్-జాబ్సన్ కర్తలు 14వ శతాబ్దికి చెందిన ఇబ్న్ బతూతా ప్రయాణకథనమును కూడ ఇచ్చట ఉదాహరించిరి. దేవగిరి కోట చెరసాలలో పిల్లులకంటె పెద్దవైన ఎలుకలున్నవని అందు కలదు. కాని అది జంతువునకు సాక్ష్యమే కాని పదమునకు సాక్ష్యము కాదు. ఈ భేదమును పరిశోధక విద్యార్థులు గుర్తింపవలెను.

1799లో కథ మరియొక మలుపు తిరిగినది. ఆస్ట్రేలియా తీరములను పరిశీలించిన ఓడవైద్యుడు జార్జి బాస్, అచ్చటి ఒక చిన్న జంతువునకు ఈ పేరునే వాడినాడు. ఆ జంతువు ఎలుక జాతిది కాదు. కంగారువలె కడుపున సంచి గలది. ఆ సంచి నోరు వెనుకకు తెరచియుండుటచే త్రవ్వునప్పుడు మన్ను లోపలికి చేరదు. కోసుగానున్న పొడుగు మూతితో నేలలో గుంటలు చేసి పురుగులను, దుంపలను తినుట దాని అలవాటు. మూతితో నేల త్రవ్వుట పంది లక్షణము కదా! 'బాండి'కి అర్థమేమో ఎరుగని వారు పెట్టిన పేరైనను, తెలుగువాడు పందిని తలచుటకు కారణమైన పోలికయే అక్కడను అమరినది. నేడు ఆంగ్లము మాతృభాషగా గలవారిలో పలువురకు బాండికూట్ అనగా ఆస్ట్రేలియా జంతువే. మన పందికొక్కును చెప్పవలసివచ్చినప్పుడు వారు 'ఎలుక' అను మాటను కూడ చేర్చి చెప్పవలసివచ్చుచున్నది.

ఆస్ట్రేలియా ఆంగ్లమున ఈ పదము చుట్టును జాతీయములు పెరిగినవి. మిక్కిలి దీనుడైన వానిని బాండికూట్ వలె దీనుడందురు. దిక్కులేక ఒంటరియైన వానిని కాలిపోయిన గుట్టమీది బాండికూట్ అందురు. ఆ దేశమున అడవి మంటలు ప్రబలము. గడ్డి యంతయు కాలిన తరువాత దాగుటకు చోటు లేక బోడిగుట్టపై తిరుగాడు చిన్న ప్రాణి ఈ జాతీయమున మన కన్నులకు కట్టును. పేదరికము, బట్టతల మొదలైన వానికి కూడ దానినే ఉపమానము చేసిరి. వీనియన్నిటియందును ధ్వనించునది జాలి, కొంత పరిహాసము.

ఇక మన మాగాణులకు వత్తము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా సీమ అంతయు కాలువలతో, బోదెలతో, గట్లతో నిండినది. ఆ గట్లే పందికొక్కులకు నివాసములు. అవి సార్వా, దాళ్వా పంటలలో దుబ్బులను కొరికి, వెన్నులను బొరియలలోనికి ఈడ్చుకొనిపోయి కూడబెట్టును. బొరియ నోటిని మన్నుతో మూసివేయును. కోతలైన తరువాత బొరియలు త్రవ్వి ఆ వెన్నులను ఏరుకొనుట పేదల కొక జీవనాధారముగ నుండెడిది. గట్టు లోపల గుల్లయైనచో నీరు ఊరి గండిపడును. వీనిని పట్టుటకు వెదురు బుట్టలు పెట్టువారు ఈ సీమలో ప్రత్యేకముగ కలరు. మార్టేరు వరి పరిశోధనా స్థానమున ఎలుకల నివారణ నేటికిని ఒక పరిశోధనాంశమే. ఇల్లు చేరిన ధాన్యమునకును రక్షణ లేదు. గాదె క్రింద, పురి క్రింద నేలను తొలిచి అవి అడుగునుండి తినును.

మన జాతీయము పుట్టిన తావు ఇదియే. 'పందికొక్కువలె మేయుట', 'పందికొక్కువలె బలియుట', 'గాదె క్రింది పందికొక్కు' అను పలుకుబడులలో మూడంశములు కలవు. తినునది తాను పండించినది కాదు. తినుట అడుగునుండి, కంటికి కానరాకుండ. కూడబెట్టుట ఆకలికి మించి. అందుచేతనే ఈ మాట బయటి దొంగకు చెల్లదు. ఇంటిలోనో, సంస్థలోనో, సర్కారులోనో ఉండి దానినే గుల్లచేయు వానికి చెల్లును. ఎలుకకు ఈ గౌరవము లేదు. 'కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు', 'ఎలుకమీది కోపముతో ఇల్లు తగులబెట్టినట్లు' అను సామెతలలో ఎలుక అల్పత్వమునకు గుర్తు. పందికొక్కు వినాశమునకు గుర్తు. జంతుశాస్త్రమున రెండును దగ్గరివే. జాతీయమున వాని నడుమ దూరము చాల గలదు.

ఇప్పుడు రెండు జాతీయములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. ఆస్ట్రేలియా వాడుకను యథాతథముగ తెనిగించి 'పందికొక్కువలె దీనుడు' అన్నచో మన పాఠకుడు నవ్వును. పందికొక్కును తెలుగువాడు ఏనాడును జాలిదలచి యెరుగడు. మన 'గాదె క్రింది పందికొక్కు'ను ఆ దేశీయునకు మాటకు మాటగ చెప్పినచో అతనికి అందలి ద్వేషము అందదు. శబ్దము ఒక్కటియే, వ్యుత్పత్తి ఒక్కటియే. భావము మాత్రము పరస్పర విరుద్ధము. ఓడ నెక్కినది శబ్దమేకాని జాతీయము కాదని దీనివలన తేలుచున్నది.

అయితే ఈ సిద్ధాంతమునకు అడ్డు తగులునట్టి ప్రయోగ మొకటి కలదు. ఆస్ట్రేలియా ఆంగ్లమున 'బాండికూట్' క్రియగ కూడ వాడబడుచున్నది. బంగాళాదుంప మొక్కలను పైకి చెక్కుచెదరకుండ నుంచి, అడుగున మన్ను తొలిచి దుంపలను మాత్రము కాజేయుట ఆ క్రియకు అర్థము. పైన పచ్చగా, లోన శూన్యముగా నుండు ఈ దొంగతనము అచ్చముగ మన గాదె క్రింది దొంగతనమే. తెలుగు భావము ఇంతదూరము దాగివచ్చి అచ్చట బయటపడినదని ఊహించుటకు మనస్సు ఉవ్విళ్లూరును. కాని ఆ ఊహ నిలువదు. అచ్చటి జంతువు కూడ నేల త్రవ్వి దుంపలు తినునదే. తోటలు వేసినవారు దానిని కన్నులార చూచి ఆ క్రియను కల్పించుకొనుటకు తెలుగు తోడ్పాటు అక్కరలేదు. ఇది ఆదానము కాదు, సాదృశ్యము. ఒకే చేష్టను చూచిన ఇరువురు రైతులు వేరువేరుగ ఒకే ఉపమానమును చేరిరి. కనుక ఈ ప్రయోగము మన సిద్ధాంతమును భంగపరుపక బలపరచుచున్నది: జాతీయమునకు ఆధారము పదము కాదు, అనుభవము.

తరువాతి చరిత్ర కూడ దీనినే చూపును. 1873లో గ్రే అను ప్రాణిశాస్త్రజ్ఞుడు ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అను పేరిడగా, తెలుగు సేద్యగాని మాట శాస్త్రభాషలో స్థిరపడినది. 1996లో వెలువడిన 'క్రాష్ బాండికూట్' అను వీడియో ఆట ద్వారా అది లోకమందలి పిల్లల నోట పడినది. 2018లో కేరళలోని జెన్‌రోబోటిక్స్ సంస్థ మాన్‌హోళ్లను శుభ్రముచేయు యంత్రమునకు 'బాండికూట్' అని పేరు పెట్టినది. మనుష్యులు మురుగుగుంటలలో దిగి ప్రాణములు కోల్పోవు దుస్థితిని తప్పించుటకు పుట్టిన యంత్రమది. మన నోట తిట్టుగా నున్న మాట అచ్చట ఉపకారికి పేరైనది. ఆ పేరును పత్రికలో చదివిన తెలుగు విద్యార్థికి అది తన ఊరి మాటయే యని తోచుట అరుదు.

ఇందువలన నిఘంటుకారులకును, అనువాదకులకును ఒక కర్తవ్యము ఏర్పడుచున్నది. ఆంగ్ల-తెలుగు నిఘంటువున 'బాండికూట్'కు ఎదుట 'పందికొక్కు' అని వ్రాసి ఊరకొనుట చాలదు. రెండు జంతువులను, రెండు జాతీయ సంప్రదాయములను వేరుచేసి చూపవలెను. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమునకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయమునే ఎన్నుకొనుట ఈ దృష్టితో చూడదగినది. పదమునకు ఒకమారు లిపి దొరకినచో అది గ్రంథములలో నిలిచియుండును. పురులు కట్టుట మాని ధాన్యమును కళ్లమునుండియే తరలించుచున్న ఊళ్లలో 'గాదె క్రింది' అను మాటకు అర్థము చెప్పగల వృద్ధులు తగ్గిపోవుచున్నారు. పరిశోధక విద్యార్థులు గ్రంథాలయములో వ్యుత్పత్తిని వెదకుటతోపాటు, ఆ వృద్ధుల యొద్ద కూర్చుండి జాతీయములను వ్రాసికొనవలసిన సమయమిది.