మూడేళ్లేనా? పిల్లల శిక్షల లెక్క వెనక కథ

2024 జులైలో నంద్యాల జిల్లాలో ఒక చిన్నారి కేసులో మైనర్ అబ్బాయిలను పోలీసులు పట్టుకున్నప్పుడు, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా జనం అడిగిన ప్రశ్న ఒకటే: "వీళ్లకు మూడేళ్లేనా?" ఆ కోపం న్యాయమైనదే. కానీ ఒక విషయం చెప్తా వినండి. ఆ మూడేళ్లు ఒకప్పుడు గరిష్ఠ శిక్ష కాదు, కనీస శిక్ష!

1897 రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం కాలానికి వెళ్దాం. అప్పుడు మన రెండు ఊర్లూ మద్రాసు ప్రెసిడెన్సీ, కర్నూలు జిల్లా. 15 ఏళ్లలోపు పిల్లోడికి జైలుశిక్ష పడితే, దాని బదులు 3 నుంచి 7 ఏళ్లు రిఫార్మేటరీకి పంపొచ్చు. అంటే చిల్లర దొంగతనానికి పెద్దోడు కొన్ని నెలల్లో బయటికొస్తే, పిల్లోడు మూడేళ్లూ లోపలే! తెల్లదొరల లెక్కలో అది శిక్ష కాదు మరి, చదువు. నేరం ఎంత పెద్దదని చూడలేదు, బుద్ధి మారడానికి ఎన్నాళ్లు పడుతుందని చూశారు.

1925 మద్రాసు బోర్‌స్టల్ చట్టంలోనూ ఇదే ఆలోచన. 16 నుంచి 21 ఏళ్ల కుర్రాళ్లకు 2 నుంచి 5 ఏళ్లు, అదీ 23 నిండేదాకే. ఇది మన రాష్ట్రంలోనూ కొనసాగింది. హత్య కేసులో యావజ్జీవం పడిన ఓ కుర్రాణ్ణి బోర్‌స్టల్‌లో పెట్టి, తర్వాత మళ్లీ జైలుకు పంపాలని ప్రభుత్వం చూసింది. 1984లో సుప్రీంకోర్టు కుదరదంది. ఐదేళ్లు పూర్తయినా, 23 నిండినా, ఏది ముందైతే అప్పుడు వదిలేయాల్సిందే.

1986 చట్టంలో కూడా 14 దాటిన అబ్బాయికి "మూడేళ్లకు తక్కువ కాకుండా" అనే ఉండేది. 2006 సవరణతో అది తిరగబడింది: ఇక మూడేళ్లు మించకూడదు. 2012 ఢిల్లీ ఘటనలో 17 ఏళ్ల కుర్రాడికి పడింది ఆ మూడేళ్లే. దేశం మండిపోయింది, 2015 చట్టం వచ్చింది.

ఇప్పుడు 16 నిండనివాళ్లకు ఎంత ఘోరం చేసినా మూడేళ్లే. 16-18 మధ్యవాళ్లు ఘోర నేరం చేస్తే, వాళ్ల మానసిక స్థితినీ, ఏం చేస్తున్నారో తెలిసే చేశారా అనేదాన్నీ జువెనైల్ బోర్డు పరిశీలిస్తుంది. అవసరమైతే కేసు పిల్లల కోర్టుకు పోతుంది, అక్కడ ఎక్కువ శిక్ష పడొచ్చు. అయినా 21 వచ్చేదాకా జైలుకు పంపరు. ఉరి లేదు, విడుదలకు అవకాశంలేని యావజ్జీవమూ లేదు.

వయసు లెక్క నేరం జరిగిన రోజుకే, తీర్పు రోజుకు కాదు. అందుకే ఇలాంటి కేసుల్లో మొదటి గొడవ పుట్టినతేదీ మీదే. ముందు బడి సర్టిఫికెట్ చూస్తారు. లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చింది. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష.