ఆంధ్ర బాలికోన్నత పాఠశాల విద్యార్థినులు: సామాజిక నేపథ్యం

నిజాం రాష్ట్రంలో బాలికలకు తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల విద్య అందించేందుకు మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పారు. తెలంగాణ సాంస్కృతిక చరిత్రలో ఈ పాఠశాల ప్రస్తావన తరచుగా స్థాపకుల కృషి వద్దనే ఆగిపోతుంది. అక్కడికి ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు అన్న ప్రశ్న వేసినప్పుడే దాని చారిత్రక స్వభావం స్పష్టమవుతుంది.

మొదటి అవరోధం గుర్తింపు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలదీ అదే మార్గం. తెలుగులో బోధించే ఈ పాఠశాలకు ప్రభుత్వ గుర్తింపు లభించలేదు. అందువల్ల నిర్వాహకులు, ధోండో కేశవ కర్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు. కూతురిని ఇక్కడ చేర్చడమంటే సొంత రాష్ట్ర ప్రభుత్వం గుర్తించని చదువును ఎంచుకోవడమే. కనుక ఇక్కడి విద్యార్థినుల సంఖ్యను స్త్రీవిద్యపై ప్రజలకు గల ఆసక్తికి కొలమానంగా గ్రహించలేము.

రెండవది వసతి. నాటి కరీంనగర్ జిల్లాలోని బెజ్జంకి వంటి గ్రామాల బాలికకు రాజధానిలో చదువు అందాలంటే బంధువుల ఇల్లో, వసతిగృహమో ఉండాలి. రాజబహద్దూర్ వేంకటరామారెడ్డి ప్రోత్సాహంతో వెలసిన రెడ్డి బాలికల వసతిగృహం కొందరికి ఈ అవకాశం కల్పించింది. నల్లగొండ జిల్లా నుండి వచ్చిన ఆరుట్ల కమలాదేవి వివాహానంతరం హైదరాబాదులో చదువు కొనసాగించగలగడం ఇందుకు నిదర్శనం. అయితే వసతి కులసంస్థల ద్వారా లభించినప్పుడు, గ్రామీణ విద్యార్థినుల ఎంపికలో కులం, భూవసతి ముందుగానే పాత్ర వహిస్తాయి.

మూడవది కులం. ఇదే నగరంలో భాగ్యరెడ్డివర్మ 1910 నుండి దళిత బాలబాలికల కోసం తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపారు. అవి ప్రధానంగా ప్రాథమిక స్థాయివి. ఉర్దూ ఆధిపత్యం నడుమ తెలుగు చదువును నిలిపిన ఈ రెండు కృషులు సమాంతరంగా సాగినా, ఒకటి ఉన్నత పాఠశాల స్థాయిని అందుకోగా రెండవది ప్రాథమిక స్థాయికే అధికంగా పరిమితమయింది. భాష ఒకటే అయినా చదువు మెట్లు ఒకటి కాలేదు.

తెలంగాణలో ఆధునిక విద్య పొందిన తొలితరం స్త్రీల రచనలను మొత్తం స్త్రీజాతి స్వరంగా సాధారణీకరించే ముందు ఈ భేదాన్ని గమనించవలసి ఉంది. దీనివల్ల పాఠశాల సాధించిన విజయం తగ్గదు. పైగా, గుర్తింపు లేని చదువును వరించిన ఆ బాలికల సాహసంతో పాటు, ఆ గడప దాకా రాలేకపోయినవారి మౌనం కూడా సాహిత్యచరిత్రకు ఆధారమవుతుంది.