ఆకులమ్మి బతికించుకున్న ఊరు

ఇవాళ్టి పోస్టు జపాన్‌లోని ఒక కొండ ఊరి చరిత్ర. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

షికోకు దీవిలో కమికాత్సు అనే ఊరు. అక్కడోళ్లకు ఆధారం కమలా జాతి మికాన్ తోటలు. 1981 ఫిబ్రవరిలో చలి మైనస్ 13 డిగ్రీలకు పడిపోయి తోటలు నిలువునా మాడిపోయాయి. చెట్టు పోతే మళ్లీ కాపుకు ఎన్నేళ్లు ఆగాలో మీకు నేను చెప్పక్కర్లేదు. వయసులో ఉన్నోళ్లు అప్పటికే పట్నాల దారి పట్టారు. మిగిలిన పెద్దోళ్లకు పని లేదు, పొద్దు పోదు.

అక్కడి రైతు సహకార సంఘంలో యోకోయిషి తొమోజి అనే కుర్రాడు సలహాదారు. 1986లో ఒసాకాలో ఒక హోటల్లో కూర్చుంటే, పళ్లెంలో అలంకారానికి పెట్టిన ఎర్రటి మేపుల్ ఆకును చూసి ఆడపిల్లలు మురిసిపోతున్నారు. ఒకామె దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్లింది. ఇవి మా కొండ నిండా ఉన్నాయి కదా అనుకున్నాడు. ఊరికొచ్చి చెబితే నవ్వారు. ఆకులు డబ్బులయ్యేది పిల్లల కథల్లోనే అన్నారు. చివరికి నలుగురు ముందుకొచ్చారు.

మొదట్లో ఎవరూ కొనలేదు. మనం ఏరింది వేరు, వంటవాడికి కావాల్సింది వేరు. ఆ కుర్రాడు సొంత డబ్బులతో పెద్ద హోటళ్లలో తిని, పళ్లేనికి ఏ సైజు ఆకు సరిపోతుంది, ఏ కాలానికి ఏది పెడతారు అన్నీ నేర్చుకున్నాడు. అప్పుడు సరుకు కదిలింది. బరువు లేని పని, కొయ్యడం, ఏరడం, డబ్బాలో సర్దడం. డెబ్బై దాటిన అవ్వలు కూడా చేయగలరు. పడావు పడ్డ పొలాల్లో, పాత మికాన్ తోటల్లో ఆకుల కోసమే చెట్లు నాటారు.

నాకు బాగా నచ్చింది ఆర్డర్ల సంగతి. ముందు ఇంటింటికీ ఫ్యాక్స్ వచ్చేది. ఎవరు ముందు ఫోన్ చేస్తే ఆర్డర్ వాళ్లదే. 1999లో కంపెనీ పెట్టి, కంప్యూటర్లు ఇచ్చారు. అమ్మకాల్లో తాను ఎన్నో స్థానంలో ఉందో తెరమీద తనకు మాత్రమే కనిపిస్తుంది. అంతే, అవ్వలు పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టారు! కంప్యూటర్ క్లాసులు పెట్టి బతిమాలితే వచ్చేవాళ్లా? అమ్మకాలు ఏడాదికి 26 కోట్ల యెన్ల దాకా వెళ్లాయి.

మన దగ్గర అరవై దాటగానే ప్రేమతోనే "నాన్నా, నువ్వు కూర్చో" అంటాం. పొలం కౌలుకిస్తాం, పెద్దాయన రచ్చబండ మీదికి చేరతాడు. కమికాత్సులో పెద్దోళ్లకు కూర్చోమని కాక, రేపటికి ఇన్ని డబ్బాలు కావాలని కబురొచ్చింది.

ఊరు ఇప్పటికీ చిన్నదే, జనం 1,400 లోపే. అందులో సగం మందికి పైగా 65 దాటినవాళ్లే. కొత్తగా చంటిపిల్లలేమీ వచ్చి నిండిపోలేదు. కానీ పొద్దున్నే ఎవరింటికి ఎన్ని డబ్బాలొచ్చాయన్న పోటీ మాత్రం ఆగలేదు.